స్కటిల్‌బట్: నీళ్ళ పీపా కాడి ముచ్చట

(ఎపిసోడ్‌లో మాట్లాడిందే ఇది. సైట్‌లో ఇయర్‌ఫోన్ పెట్టుకోనివ్వరు కదా, బ్రేక్‌లో చదువుకునేవాళ్ళ కోసం రాసి పెడుతున్నాను. మాట్లాడేటప్పుడు వచ్చిన తడబాట్లు కొన్ని తీసేశాను. కొన్ని అట్లనే ఉంచాను.)

నమస్తే అన్నలారా, అక్కలారా, తమ్ముళ్ళారా. డ్యూటీ అయిపోయి బస్సులో కునుకుతూ వింటున్నవాళ్ళకి, మెస్‌లో ఉల్లిగడ్డలు కోసుకుంటూ ఫోన్‌ని స్టీలు గిన్నెలో పెట్టి సౌండ్ పెంచుకుని వింటున్నవాళ్ళకి, కువైట్‌లో ఇంటిపని అంతా అయ్యాక రాత్రి పదకొండింటికి వంటగది తలుపేసుకుని వింటున్న మా గోదావరి, కడప అక్కలకి, అందరికీ నమస్తే.

ఇంగ్లీషు మాటల ఎపిసోడ్ మళ్ళీ ఎప్పుడు అని చాలామంది అడిగారు. ఈసారి ఒకే ఒక్క మాట. ఆ మాట పేరు స్కటిల్‌బట్. మీలో చాలామంది విని ఉండరు. నేను కూడా దుబాయ్‌కి వచ్చి ఆరేళ్ళయ్యేదాకా వినలేదు. విన్న రోజు నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

అది 2015. మాది జగిత్యాల పక్కన పల్లె. హెల్పర్‌గా వచ్చాను, లెక్కలు కొంచెం వచ్చని టైమ్‌కీపర్‌ని చేశారు. మా సైట్‌కి ఒక అమెరికా ఆయన సేఫ్టీ మేనేజర్‌గా వచ్చాడు. అరవై దాటిన మనిషి. అంతకు ముందు అమెరికా నేవీలో చాలా ఏళ్ళు పనిచేశాడట. రంగు వెలిసిపోయిన టోపీ ఒకటి ఎప్పుడూ ఉండేది, హెల్మెట్ తీసిన మరు నిమిషం అది తల మీద. పొద్దున టూల్‌బాక్స్ టాక్ అయిపోయింది, నేను అటెండెన్స్ షీట్ ఇవ్వడానికి ఆయన క్యాబిన్‌కి పోయాను. ఆయన షీట్ తీసుకుని, కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, "సో, వాట్స్ ద స్కటిల్‌బట్?" అన్నాడు.

నాకు వినపడింది "సెటిల్", ఆ తర్వాత "బట్". గల్ఫ్‌లో పనిచేసేవాడికి "సెటిల్" అనే శబ్దం చెవిన పడితే ఏం గుర్తొస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఫైనల్ సెటిల్‌మెంట్. వీసా క్యాన్సిల్, టికెట్ చేతిలో పెట్టడం, ఇంటికి పంపడం. నాకు కాళ్ళు వణికాయి. "సార్, నో సెటిల్‌మెంట్ సార్, ఐ వర్క్ గుడ్, నో ఆబ్సెంట్" అన్నాను. ఆయనకి ఒక్క నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాడు చూడండి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత లేచి, నా భుజం మీద చెయ్యేసి, బయటికి తీసుకుపోయి, షెడ్డు కింద ఉన్న స్టీలు వాటర్ కూలర్ దగ్గర నిలబెట్టాడు. మన నాలుగు నల్లాల కూలర్ లేదా, అదే. దాన్ని వేలి కణుపులతో టక్‌టక్‌మని కొట్టి, "దిస్. దిస్ ఈజ్ స్కటిల్‌బట్" అన్నాడు.

ఆయన చెప్పింది, ఆ తర్వాత నేను చదువుకున్నది కలిపి చెప్తాను.

పాత కాలపు తెరచాప ఓడలు ఊహించుకోండి. నెలల తరబడి సముద్రం మీదే ఉండాలి. చుట్టూ నీళ్ళే గాని తాగడానికి పనికిరావు. తాగే నీళ్ళు చెక్క పీపాల్లో నింపుకుని పోవాలి. పెద్ద పీపాని ఇంగ్లీషులో బట్ అంటారు. స్కటిల్ అంటే ఓడ మీద కోసిన చిన్న కంత, లేకపోతే కంత కొయ్యడం. నీళ్ళ పీపాకి కంత కోసి, గిన్నె ముంచుకునేటట్టు చేసి ఓడ పైభాగంలో పెట్టేవాళ్ళు. కంత కోసిన పీపా, అదే స్కటిల్‌బట్. 1800ల మొదట్లోనే ఈ మాట రాతలో కనిపిస్తుంది. అప్పుడు దానికి వేరే అర్థమేం లేదు, ఉత్త నీళ్ళ పీపా.

ఇప్పుడు ఆ పీపా దగ్గర ఎవరు నిలబడతారు? తెరచాపలు లాగేవాడు, డెక్కు కడిగేవాడు, వంటవాడు. కెప్టెన్ కాదు. కెప్టెన్‌కి నీళ్ళు గదిలోకే వస్తాయి. ఓడ ఎటు పోతోంది, ఎప్పుడు రేవు చేరుతుంది, నీళ్ళు తగ్గిస్తారా, జీతం ఎప్పుడిస్తారు, ఇవన్నీ కెప్టెన్‌కి తెలుసు. కింది వాళ్ళకి ఎవరూ చెప్పరు. అందుకని వాళ్ళు పీపా దగ్గర ముచ్చట పెట్టుకునేవాళ్ళు. "నిన్న రాత్రి పటాలు తెప్పించుకుని చూశారట." "వంటవాడితో పిండి లెక్క అడిగారట." ఇట్లా ముక్కలు ముక్కలుగా పోగేసి, ఓడ ఎటు పోతోందో వాళ్ళే అంచనా కట్టుకునేవాళ్ళు. పోనుపోను పీపా పేరే ఆ ముచ్చటకి కూడా అయిపోయింది. గాలి వార్త అనే అర్థంలో ఈ మాట 1901 నాటికి రాతకెక్కింది. అమెరికా నేవీలో ఇప్పటికీ మంచినీళ్ళ ఫౌంటెన్‌ని స్కటిల్‌బట్ అంటారు, గాలి కబురుని కూడా స్కటిల్‌బట్ అనే అంటారు.

ఇది విన్నప్పుడు నాకు మా ఊరి బోరింగు గుర్తొచ్చింది. పొద్దున్నే బిందెల వరస. అమ్మ నీళ్ళకి పోతే గంట. నీళ్ళకి పది నిమిషాలు, మిగతా యాభై నిమిషాలు ముచ్చటకి. ఎవరి బిడ్డకి సంబంధం వచ్చింది, ఎవరి కొడుకు బొంబాయి ఏజెంటుకి పైసలు కట్టాడు, ఏ ఏజెంటు పారిపోయాడు, అన్నీ బోరింగు కాడనే తెలిసేవి. ఏజెంటు పారిపోయిన సంగతి మా నాయనకి అట్లనే తెలిసింది. మేం ఇంకా కట్టలేదు. బోరింగు ముచ్చట వల్ల మాకు మిగిలింది ఒక ఎకరం.

ఆస్ట్రేలియా వాళ్ళకి కూడా ఇట్లాంటి మాటే ఇంకొకటి ఉంది, ఫర్ఫీ. అక్కడ షెపర్టన్ అనే ఊళ్ళో ఫర్ఫీ అనే కుటుంబం వాళ్ళు చక్రాల మీద నడిచే నీళ్ళ ట్యాంకులు తయారు చేసేవాళ్ళు, ట్యాంకు మీద వాళ్ళ పేరు పెద్ద అక్షరాల్లో ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల శిబిరాలకి ఆ ట్యాంకుల్లో నీళ్ళొచ్చేవి. బండివాడు నీళ్ళతో పాటు పక్క శిబిరం కబుర్లు కూడా తెచ్చేవాడు. సగం నిజం, సగం అబద్ధం. ఇప్పుడక్కడ ఫర్ఫీ అంటే పుకారు. ఆఫీసుల్లో వాటర్ కూలర్ టాక్ అనేది కూడా మీరు వినే ఉంటారు. ఏ దేశమైనా కష్టం చేసేవాడు ఆగేది నీళ్ళ దగ్గరే, నోరు విప్పేదీ అక్కడే.

మన దగ్గర చూడండి. యూఏఈలో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. ఆ రెండున్నర గంటలు అందరం ఎక్కడుంటాం? షెడ్డు కింద, కూలర్ చుట్టూ, అట్టముక్కలు పరచుకుని. క్యాంపులో పుట్టే గాలి వార్తల్లో సగం ఆ మూడు నెలల్లో పుట్టినవేనని నా లెక్క. ఇది సర్వే కాదు లెండి, టైమ్‌కీపర్ లెక్క.

సరే, వాడకం సంగతికి వద్దాం. ఈ మాట పలికేటప్పుడు ఊత ముందు భాగం మీద ఉండాలి, స్కటిల్. బట్ తేలిగ్గా అనాలి. దీనికి బహువచనం లేదు, స్కటిల్‌బట్స్ అనరు. "వాట్స్ ద స్కటిల్‌బట్?" అంటే "ఏందిరా సంగతి, కూలర్ కాడ ఏమంటున్నరు?" అని. "స్కటిల్‌బట్ ఈజ్, ద ప్రాజెక్ట్ ఈజ్ మూవింగ్ టు అబుదాబి" అంటే "ప్రాజెక్టు అబుదాబికి పోతుందంట." చూశారా, మన తెలుగులో ఈ పనంతా "అంట" అనే చిన్న ముక్క చేసేస్తుంది. పోతుంది అంటే నా పూచీ. పోతుందంట అంటే నాకు పూచీ లేదు, నేను విన్నాను, నీకు చెప్తున్నాను. "ఇట్స్ జస్ట్ స్కటిల్‌బట్" అంటే "ఉత్త గాలి మాట, పట్టించుకోకు." ఇది ముచ్చట్లలో వాడే మాట మాత్రమే. హెచ్ఆర్‌కి రాసే ఈమెయిల్‌లో, లేబర్ కంప్లయింట్‌లో పెట్టకూడదు. అక్కడ "ఐ హావ్ హర్డ్, బట్ ఇట్ ఈజ్ నాట్ కన్‌ఫర్మ్‌డ్" అని రాయండి, చాలు. ఇంకో సంగతి, ఇది ఎక్కువగా అమెరికా వాళ్ళ నోట వినపడే మాట. ఇక్కడ అందరి దగ్గరా వాడితే బ్రిటిష్ వాళ్ళకి అర్థమవుతుంది గాని, మిగతా చాలామంది నాలాగే బిత్తరపోతారు. ఫిలిప్పీన్స్ వాళ్ళతో అయితే చిస్మిస్ అనండి, వెంటనే కుర్చీ దగ్గరికి జరుపుకుంటారు.

మరి గాసిప్‌కీ దీనికీ తేడా ఏంటి? ఈ తేడా కోసమే నేను ఈ ఎపిసోడ్ పెట్టింది. డిక్షనరీలో చూస్తే రెండూ ఒకటే అన్నట్టుంటుంది. కానీ మనుషులు వాడే తీరు గమనిస్తే గాసిప్ ఎక్కువగా మనిషి గురించి. ఫలానా వాడు తాగుతాడట, ఫలానా ఆమె ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతుందట. మనం చాడీ అంటామే, ఆ దారిలోకి పోతుంది. స్కటిల్‌బట్ ఎక్కువగా ఓడ గురించి. మనమంతా ఎక్కి ఉన్న ఓడ. ఎటు పోతోంది, మునుగుతోందా, నీళ్ళు సరిపోతాయా. ఎవరూ చెప్పనివాళ్ళు తమలో తాము చెప్పుకునే వార్త అది. కొందరు పెద్దమనుషులు మన ముచ్చట్లన్నిటినీ "లేబర్ గాసిప్" అని తీసిపారేస్తారు. నాకది నచ్చదు. జీతం ఏ తారీఖున పడుతుందో నోటీసు బోర్డు మీద పెట్టి చూడమనండి, కూలర్ దగ్గర సగం ముచ్చట దానంతటదే ఆగిపోతుంది.

దీన్ని మంచికి వాడుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. అమెరికాలో ఫిలిప్ ఫిషర్ అని షేర్ల పెట్టుబడుల మీద పేరున్న రచయిత ఉండేవాడు. 1958లో వచ్చిన కామన్ స్టాక్స్ అండ్ అన్‌కామన్ ప్రాఫిట్స్ అనే పుస్తకంలో ఈ మాటనే ఒక పద్ధతి పేరుగా పెట్టాడు. కంపెనీ ఎట్లుందో తెలియాలంటే కంపెనీ అచ్చేసిన కాగితాలు చదివితే సరిపోదు. దానికి సరుకు అమ్మేవాళ్ళని అడుగు, దాని దగ్గర కొనేవాళ్ళని అడుగు, పోటీదారుని అడుగు, అక్కడ పని మానేసినవాణ్ణి అడుగు అంటాడు. కోట్ల రూపాయలు పెట్టేవాళ్ళకి చెప్పిన మాట ఇది. మనం పెట్టేది కోట్లు కాదు. రెండేళ్ళ వయసు, ఊళ్ళో చేసిన అప్పు.

మరి మనం ఎవర్ని అడగాలి? కొత్త కంపెనీకి మారేముందు ఆ క్యాంపు గేటు బయట ఉన్న గ్రోసరీకి పోండి. నా ముప్పావు జ్ఞానం అక్కడిదే. ఆ గ్రోసరీ ఆయన దగ్గర ఖాతా పుస్తకం ఉంటుంది. ఏ కంపెనీ వాళ్ళు ఏ తారీఖున బాకీ కడుతున్నారో ఆయనకి పేజీ పేజీనా తెలుసు. ఐదో తారీఖు కట్టేవాళ్ళు పదిహేనుకి, తర్వాత ఇరవై ఐదుకి జరిగారంటే కంపెనీలో పైసలు లేవన్న సంగతి మేనేజర్ కంటే ముందు ఆయనకే తెలుస్తుంది. ఒక రోజు నవ్వుకుంటూనే "భాయ్, ఇస్ మహీనా ఉధార్ నహీ" అంటాడు. ఆ మాట ఏ ఆడిట్ రిపోర్ట్ కంటే తక్కువ కాదు. బస్సు డ్రైవర్‌ని అడగండి, డీజిల్ కార్డు నడుస్తోందా అని. మెస్‌కి కోడి వేసేవాణ్ణి అడగండి.

మా కంపెనీలో సరిగ్గా అట్లనే జరిగింది. 2014 మధ్యలో 100 డాలర్ల పైన ఉన్న పీపా చమురు 2016 జనవరికల్లా 30 డాలర్ల కిందికి పడింది. అదీ పీపాయే చూడండి. చమురు పడితే ప్రాజెక్టుల బిల్లులు ఆగాయి, బిల్లులు ఆగితే మా కాంట్రాక్టర్ దగ్గర పైసలు ఆగాయి. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలిసింది ఒక్కటే. మా రూమ్‌లో ఆర్మూరు అన్న ఒక రాత్రి బియ్యం సంచి లేకుండా తిరిగొచ్చి, "కేరళాయన ఉధార్ బంద్ పెట్టిండు. మన కంపెనీ వాళ్ళకే బంద్ పెట్టిండు. పక్క కంపెనోళ్ళకు ఇస్తుండు" అన్నాడు. మరుసటి రోజు కూలర్ దగ్గర అదే చెప్పాడు. ఇరవై మంది విన్నారు. ఆయన ఎవర్నీ తిట్టలేదు, సమ్మె అనలేదు. చూసింది చెప్పాడు.

అప్పటికి నేను పెద్ద మనిషినైపోయి ఉన్నాను. ఎందుకంటే రోజూ పొద్దున అమెరికా ఆయన నన్ను "వాట్స్ ద స్కటిల్‌బట్?" అని అడుగుతాడు. నేను కూలర్ దగ్గర విన్నది ఇంగ్లీషులో చెప్తాను. ఆయన మంచి కోసమే అడిగేవాడు. ఏ మెట్టు ఊగుతోంది, ఏ ఫోర్‌మన్ బెల్టు లేకుండా పైకెక్కిస్తున్నాడు, ఇవి కాగితం మీద రావు, కూలర్ దగ్గరే వస్తాయి. రెండు మూడు సార్లు నేను చెప్పినదాని మీద పని ఆపించి స్కాఫోల్డింగ్ సరిచేయించాడు కూడా. నాకు గర్వం. జగిత్యాల పిల్లగాణ్ణి అమెరికా ఆయన రోజూ కబురడుగుతున్నాడని.

ఆ రోజు క్యాబిన్‌లో ఆయనొక్కడే లేడు. మూల కుర్చీలో కంపెనీ మేనేజర్ ఒకాయన ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. అమెరికా ఆయన మామూలుగానే అడిగాడు. నేను మామూలుగానే చెప్పాను. సార్, గ్రోసరీ స్టాప్ క్రెడిట్, పీపుల్ సేయింగ్ శాలరీ నాట్ కమింగ్. మూలనున్న ఆయన ఫోన్ మీంచి తలెత్తాడు. "హూ ఈజ్ సేయింగ్?"

ఇక్కడ నేను ఆగి ఉండాల్సింది. "ఎవ్రీబడీ సార్" అంటే అయిపోయేది. అనలేదు. పేరు చెప్పాను. టైమ్‌కీపర్ని కదా, పేరుతో పాటు ఐడీ నెంబరు కూడా చెప్పాను. నాలుగు వందల మంది నెంబర్లు నాకు నోటికొచ్చు, అది కూడా చూపించుకోవాలి కదా మరి. అమెరికా ఆయన నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. కోపం కాదు. కూలర్‌లో నీళ్ళు పట్టుకోబోతే చుక్క రానప్పుడు చూస్తాం చూడండి, అట్లా.

ఐదో రోజున ఆర్మూరు అన్న వీసా క్యాన్సిల్ అయింది. కారణం మ్యాన్‌పవర్ రిడక్షన్ అని రాశారు. ఆయనొక్కడికే రిడక్షన్. ఎయిర్‌పోర్ట్ బస్సు ఎక్కేటప్పుడు నేను అటెండెన్స్ షీట్ పట్టుకుని గేటు దగ్గరే ఉన్నాను. "పోయొస్త తమ్మీ" అన్నాడు. నేను ఏం మాట్లాడలేదు. ఆయన పేరు ఎదురుగా క్యాన్సిల్డ్ అని రాశాను, అది నా డ్యూటీ.

అమెరికా ఆయన తర్వాత ఇంకో ఎనిమిది నెలలు మా సైట్‌లో ఉన్నాడు. గుడ్ మార్నింగ్ చెప్పేవాడు. షీట్ తీసుకునేవాడు. ఆ మాట మాత్రం మళ్ళీ నన్ను అడగలేదు.

జీతాలు నిజంగానే ఆగాయి. రెండు నెలలు పడలేదు. మూడో నెల కొందరం లేబర్ ఆఫీసుకి పోయాం. ఆ కథ ఇంకో ఎపిసోడ్‌కి సరిపోతుంది, ఇప్పుడు వద్దు. ఒక్కటి చెప్తాను. యూఏఈలో జీతాలు బ్యాంకు ద్వారా వేసే వేజ్ ప్రొటెక్షన్ సిస్టమ్ 2009 నుంచి ఉంది. జీతం పడకపోతే ఆ సంగతి ప్రభుత్వానికి కనపడుతుంది. కాబట్టి జీతం గురించి గాలి వార్త వింటే దాన్ని కూలర్ దగ్గరే తిప్పుతూ కూర్చోకండి, కార్మిక మంత్రిత్వ శాఖలో కంప్లయింట్ పెట్టండి. మన కాన్సులేట్ ఆధ్వర్యంలో నడిచే ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రాన్ని అడగొచ్చు.

కూలర్‌కీ వాట్సాప్‌కీ ఉన్న తేడా కూడా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు ముచ్చటంతా అటు పోయింది. కూలర్ దగ్గర చెప్పినవాడి ముఖం కనపడుతుంది. "నీకెవడు చెప్పిండు?" అని అక్కడికక్కడే అడగొచ్చు. వాట్సాప్‌లో వచ్చిన వాయిస్ మెసేజ్‌కి ముఖం లేదు, ఊరు లేదు. పైగా చట్టం ఉంది. యూఏఈలో పుకార్లు, సైబర్ నేరాల మీద 2021లో తెచ్చిన 34వ నెంబరు చట్టం 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. ఆన్‌లైన్‌లో తప్పుడు వార్తలు, పుకార్లు వ్యాపింపజేస్తే కనీసం ఏడాది జైలు, కనీసం లక్ష దిర్హాముల జరిమానా. "నేను రాయలేదు సార్, ఫార్వర్డ్ చేశాను అంతే" అన్న మాట మిమ్మల్ని కాపాడదు.

2024 క్షమాభిక్ష గుర్తుందా? సెప్టెంబర్ 1న మొదలైంది, అక్టోబర్ 31 ఆఖరన్నారు. పొడిగిస్తారంట అని అందరి నోటా అదే. నిజంగానే పొడిగించారు, డిసెంబర్ 31 దాకా. ఇక మనోళ్ళకి ధైర్యం వచ్చింది. డిసెంబర్‌లో మళ్ళీ "పొడిగిస్తారంట". ఒకసారి నిజమైన నోరు కదా, నమ్మారు. ఈసారి పొడిగించలేదు. మా పక్క క్యాంపులో వీసా అయిపోయి ఉన్న ఒక తమ్ముడు "జనవరిలో చూసుకుందాం" అని ఆగాడు. ఓవర్‌స్టేకి రోజుకి 50 దిర్హాముల జరిమానా. క్షమాభిక్షలో అదంతా మాఫీ అయ్యేది. నిన్న నిజమైన గాలి వార్త ఇవాళ కూడా నిజమవుతుందన్న పూచీ లేదు, ఆ తమ్ముడికి ఆ లెక్క ఇప్పుడు బాగా తెలుసు. ఇక్కడ కూడా "అంట" ఉంది చూడండి. ఆ ముక్క వినపడగానే ఎవరన్నారు, ఎక్కడ రాసి ఉంది అని అడిగే అలవాటు చేసుకుంటే ఆ తమ్ముడు బతికిపోయేవాడు.

ఆర్మూరు అన్న సంగతి మధ్యలో వదిలేశాను కదా.

రెండేళ్ళ తర్వాత లీవు మీద పోయినప్పుడు వాళ్ళింటికి పోయాను. నిడో డబ్బా, టైగర్ బామ్ సంచిలో వేసుకుని, వాకిట్లో చాలాసేపు నిలబడ్డాను. వదిన చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. అన్న కౌలుకి తీసుకున్న పసుపు చేను నుంచి వచ్చాడు, కాళ్ళకి ఇంకా మట్టి ఉంది. చాయ్ తాగాం. నేను రోజుల తరబడి మనసులో అనుకుని పోయిన మాట మొదలుపెట్టాను, "అన్నా, ఆ రోజు నేను..."

"నాకెర్కే తమ్మీ" అన్నాడు. "నా నెంబరుతోని సహా వచ్చింది ఆ కాగితం మీద. నా నెంబరు నీకు దప్ప ఎవలికి యాదుంటది?"

వదిన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది. నేను తల దించుకున్నాను. అన్న చాలాసేపు ఏం అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత, "జీతాలు ఆగినయంట గదా?" అన్నాడు. ఆగాయన్నాను. "నేనన్న" అన్నాడు. అంతే. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. అప్పు ఇంకా ఉందని వదిన చెప్పింది, అన్న లోపలికి పోయినప్పుడు. వచ్చేటప్పుడు అన్న గేటు దాకా వచ్చి, "ఆ కేరళాయన దుకాణం ఉన్నదా ఇంక? నాది 62 దిర్హాములు ఉండెరా ఆయన కాడ. పంపిన దినమే కడదామనుకున్న, టైమియ్యలే" అన్నాడు.

దుబాయ్‌కి వచ్చిన మొదటి శుక్రవారం నేను ఆ గ్రోసరీకి పోయాను. ఆయన పాత ఖాతా పుస్తకాలు పైన అరలో కట్ట కట్టి పెట్టాడు. నిచ్చెన వేసుకుని తీశాడు. దుమ్ము దులిపి పేజీలు తిప్పుతుంటే అందులో మా క్యాంపు వాళ్ళవే ఎన్నో పేర్లు, సగం కొట్టివేయనివి. ఆర్మూరు అన్న పేరు దగ్గర 62. నేను డబ్బులు ఇచ్చాను. ఆయన పెన్నుతో ఆ గీత మీద నిదానంగా అడ్డగీత కొట్టాడు. తర్వాత పుస్తకం మూసి, కౌంటర్ మీద చేతులు పెట్టుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"ఔర్ భాయ్, ఆప్‌కీ కంపెనీ కా క్యా ఖబర్ హై?"

నేను విన్నది చెప్పాను. ఎవరి దగ్గర విన్నానో చెప్పలేదు, ఆయనా అడగలేదు.

అదండీ స్కటిల్‌బట్. మీ కంపెనీల్లో, మీరు పనిచేసే ఇళ్ళల్లో దీన్ని ఏమంటారో, మీకు ఎక్కడ దొరుకుతుందో వాయిస్ మెసేజ్ పెట్టండి. పేర్లు మాత్రం చెప్పకండి, ఊరు చెప్తే చాలు. డ్యూటీకి టైమవుతున్నవాళ్ళు పదండి, బస్సు పోతుంది. ఉంటాను.